పసుపు ఊరికి ఇరవై బొగ్గు సంచులు

ఆర్మూరు వెళ్ళినవాళ్ళు ఎవరైనా తిరిగొచ్చేటప్పుడు సంచి నిండా పసుపు తెచ్చుకుంటారు. నేను వెళ్ళేటప్పుడే పెట్టె నిండా బొగ్గు పట్టుకెళ్ళాను. అదీ డబ్బు పోసి కొన్న బొగ్గు. ముప్పై ఏళ్ళు తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషిని. ఆ చదువంతా ఉండి కూడా ఇంత తెలివితక్కువ మోత ఎందుకు మోశానో రాసి పెడితే, ముందు ముందు మోయబోయేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఎమ్మెస్సీలో హైదరాబాదు హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న విజయ ఆర్మూరు కోడలు. దాని భర్త గంగాధర్‌ది పసుపు వ్యాపారం. ఒక్కతే కూతురు స్వప్న. కమ్మర్‌పల్లిలో అత్తారిల్లు. నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు, పుట్టింటికి తీసుకొస్తున్నారు. బాలింత కోసమని గంగాధర్ ఒక గదిని ప్రత్యేకంగా చేయించాడు. హైదరాబాదు నుంచి డిజైనర్‌ను పిలిపించి గోడ నుంచి గోడకు అల్మారాలు, అద్దం బల్ల, కింద పెట్టె ఉన్న మంచం. ఒక్క చెక్క ముక్క లేదు, అంతా పొట్టు బోర్డు.

"రూంల అడుగు వెడ్తె కండ్లు మండుతున్నయే శారదా" అని విజయ ఫోన్లో అంది. "ఆయనేమో కొత్త వాసన అంటడు. స్వప్న, పసిపిల్ల ఇర్వై ఒక్క దినాలు గా రూంలనే ఉండాలె. తలుపులు, కిటికీలు బంద్. మా అత్త గాలి తగలనియ్యదు. నువ్వు జర వచ్చి సూడు."

నాకు చూడక్కర్లేకుండానే అర్థమైంది. ఆ బోర్డుల్లో చెక్కపొట్టును అంటించే జిగురు ఉంటుంది. దాంట్లోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి మెల్లగా బయటికొస్తూ ఉంటుంది. ఎండ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. పెద్దవాళ్ళం కాబట్టి బయటికి పరిగెత్తుతాం. పొత్తిళ్ళలో బిడ్డ ఎక్కడికి పరిగెత్తుతుంది?

అక్కడిదాకా నా బుర్ర బాగానే పనిచేసింది. ఆ తర్వాత ఫోన్ తెరిచి మందు వెతికాను. గదిలో వేలాడదీస్తే చెడ్డ వాయువులన్నీ పీల్చేసే ఉత్తేజిత బొగ్గు సంచులట. సంచి ఆరు వందలు. ఇరవై కొన్నాను. వాటితోపాటు గాలిని కొలిచే ఒక మీటరు కూడా. అట్ట మీద నవ్వుతున్న పాప బొమ్మ ఉంది. ఆ పాపను చూసి కొన్నానని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

జీరో టికెట్టు

హైదరాబాదులో ఆర్మూరు మీదుగా పోయే బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్ళే. అందరూ ఆధార్ కార్డు చూపించి, తెలంగాణ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు తీసుకుంటున్నారు. నేనూ దర్జాగా నా కార్డు చూపించాను. కండక్టరు దాన్ని ఎగాదిగా చూసి, ఇది ఆంధ్రా కార్డమ్మా అని పూర్తి టికెట్టు కొట్టాడు. అంత మంది ఆడవాళ్ళలో డబ్బిచ్చి కూర్చున్న ఏకైక మహారాణిని నేనే.

పెట్టె పైకి ఎక్కిస్తూ దీంట్లో ఏముందని అడిగాడు. బొగ్గు అన్నాను. ఒక్క నిమిషం నా మొహం చూసి, లగేజీ టికెట్టు కొట్టకుండానే ముందుకు వెళ్ళిపోయాడు. పెద్దావిడకు ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు లేరనుకున్నట్టున్నాడు.

పక్క సీటామెది ఆలూరు. కూతురిని చూసి తిరిగి ఇంటికి పోతోంది. బొగ్గు మాట ఆమె చెవిన పడింది. డిచ్‌పల్లి దగ్గర బస్సు ఆగి పదిహేను రూపాయల అల్లం చాయ్ తాగుతున్నంతసేపూ నన్ను వదల్లేదు. ఎంత పెట్టి కొన్నానో చెప్పించుకుని, చాయ్ గ్లాసు కింద పెట్టింది. మా పొయ్యిల రోజుకు తట్టెడు పారబోస్తనని, ముందే తెలిస్తే నాకే ఇచ్చేదాన్నని అంది. అది మామూలు బొగ్గు కాదమ్మా, ఆవిరితో కాల్చి లోపల కోట్ల చిల్లులు చేస్తారు, ఆ చిల్లుల గోడలకు వాయువు అంటుకుంటుంది, దాన్నే అధిశోషణం అంటారు అని పాఠం చెప్పాను. శ్రద్ధగా వింది. చిల్లులున్న దానికి ఎక్కువ పైసలు పెట్టిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని మిగతావాళ్ళకు చెప్పింది. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వకపోతే దిగి నడవాలి.

కొత్త వాసన

మాది దుగ్గిరాల పక్క. పసుపంటే మాకు పుట్టుకతో వచ్చిన గర్వం. ఆర్మూరులో బస్సు దిగగానే ఉడికిన పసుపు వాసన ముక్కుకు కొట్టింది. మా పసుపంత ఘాటు లేదులే అని లోపల తీర్మానించుకుని ఆటో ఎక్కాను. ఊరి బయట ఖాళీ జాగా కనిపించిన చోటల్లా పసుపు ఎండబోసి ఉంది. వెనకాల సిద్ధులగుట్ట నల్లగా, దాని కింద నేలంతా పచ్చగా. బాగుంది. బాగుందని గంగాధర్‌తో అనలేదు.

గంగాధర్ ఇల్లు ముందు కొత్త డాబా, వెనక పాత పెంకుటిల్లు. ఆ వెనక పసుపు ఆరబోసే కళ్ళం. పాత ఇంట్లో అతని తల్లి నర్సవ్వ ఉంటుంది. ఎనభై దాటినా కళ్ళం పెత్తనం ఆమెదే. పసుపు ఎప్పుడు తిరగేయాలో, ఎప్పుడు ఎత్తాలో కూలీలు ఆమె మొహం చూసే తెలుసుకుంటారు.

మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా గంగాధర్ నన్ను గదికి తీసుకెళ్ళాడు. పాలరంగు అల్మారాలు, బంగారు రంగు పిడులు, అద్దంలో దీపాలు. పెళ్ళిమండపంలా ధగధగలాడుతోంది.

"పీల్చుండ్రి అక్కా, మంచిగ పీల్చుండ్రి" అన్నాడు గంగాధర్. "కొత్త వాసన. మా ఆర్మూర్ల ఎవ్వలింట్ల లేదు."

పీల్చాను. ముక్కులో సూదులు దిగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంగాధర్ చాలా సంతోషించాడు. గది చూసిన చుట్టాలందరూ ఇలాగే కళ్ళు తుడుచుకుంటూ బయటికి వస్తారట. తన ఇల్లు చూసి ఓర్వలేక ఏడుస్తున్నారని అతని లెక్క. విజయ నా వైపు చూసి తల పట్టుకుంది.

రాత్రి భోజనం పాత ఇంట్లో. నర్సవ్వ చేత్తో తట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు, వెల్లుల్లి కారం. మావైపు అన్నం లేకపోతే అది భోజనం కిందే రాదు. ఆ రొట్టె మూడు తిని ఆ మాట మర్చిపోయాను. నేనూ తడతానని పంతం పట్టి కూర్చుంటే, నా రొట్టె పెనం చేరేలోపే మూడు ముక్కలైంది. దుగ్గిరాల చేతులకు పసుపు కొట్టుడే వస్తదేమో అని గంగాధర్ ముసిముసిగా నవ్వాడు. రొట్టె నోట్లో ఉండడం వల్ల బదులు చెప్పలేకపోయాను.

బొగ్గుకు బొట్టు

మర్నాడు పొద్దున్నే ఇరవై సంచులూ గది నిండా వేలాడదీశాను. సంచులతో వచ్చిన కాగితం మీద రాసినట్టే తలుపులు, కిటికీలు బిగించి, మూడు రోజులు తెరవొద్దని అందరికీ చెప్పాను. నర్సవ్వకు ఆ మాట అమృతంలా వినిపించింది. అరవై ఏళ్ళుగా ప్రతి బాలింత గదికీ కిటికీలు మూయించిన మనిషి. చదువుకున్నావిడ ఎవరైనా మూయొద్దనే చెప్పారు తప్ప మూయమన్నది నేనొక్కదాన్నేనట. నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. నాకెక్కడో కొంచెం అనుమానం తగిలింది కాని, దీవెన కదా అని ఊరుకున్నాను.

గంట తర్వాత చూద్దును కదా, సంచులన్నీ విప్పి వరండాలో వరసగా పేర్చి ఉన్నాయి. నర్సవ్వ తడి పసుపు గిన్నె ముందు పెట్టుకుని ఒక్కో సంచికీ దట్టంగా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతోంది. సగం సంచులు ముద్దగా తడిసి ఉన్నాయి.

అవ్వా, తడిస్తే దీని చిల్లులు మూసుకుపోతాయి, ఇక పీల్చదు అని గోల పెట్టాను.

"నల్లటిది బిడ్డా" అంది నర్సవ్వ చెయ్యి ఆపకుండా. "పసిపిల్ల రూంల ఉత్తగ ఎట్ల వెడ్తరు, పసుపు పెట్టకుంట?"

గంగాధర్ వచ్చి చూసి, ఆర్మూరు పసుపు తగిలింది కాబట్టి ఇంక బొగ్గు గ్యారంటీగా పనిచేస్తుందని తేల్చాడు. తడిసిన సంచులు ఎండకు ఆరేసి, సాయంత్రం మళ్ళీ కట్టాను. గదికి అలంకారం పూర్తయింది. అమ్మవారి గుడిలో కూడా అన్ని బొట్లు ఉండవు.

మీటరు

ఆ మీటరు గొప్ప వస్తువు. గాలి బాగుంటే ఆకుపచ్చ, ఫర్వాలేదంటే పసుపుపచ్చ, చెడిపోతే ఎరుపు దీపం వెలిగిస్తుంది. గది తలుపు సందులో పెడితే ఎర్రగా వెలిగింది, నిజమే. విజయ పోపు పెడుతుంటే వంటింట్లోనూ ఎర్రగా వెలిగింది. నర్సవ్వ సాంబ్రాణి వేస్తే దేవుడి దగ్గరా ఎరుపే. నేను శానిటైజర్ రాసుకుని చేత్తో పట్టుకుంటే నన్ను చూసీ ఎర్రబడింది. గంగాధర్ పెద్దగా వాదించలేదు. మీటరు లెక్కన నేను కూడా విషమే కదక్కా అన్నాడు, అంతే.

సాయంత్రానికి గేటు దగ్గర అయిదారుగురు రైతులు నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో తువ్వాలు మూట. సైన్సు మేడం మీటరు తెచ్చిందని ఊళ్ళో పాకిందట. ఇక్కడ మీటరంటే ఒకటే అర్థం, పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ ఎంతుందో చెప్పేది. కుర్కుమిన్ ఎక్కువుంటే ధర ఎక్కువ. ఇది ఆ మీటరు కాదని మొత్తుకున్నాను. మేం వ్యాపారులం కాము, నిజం చెప్పండి మేడం అని బతిమాలారు. ఆలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా చేతిలోంచే మీటరు తీసుకుని తన పసుపు మీద ఆనించాడు. ఆకుపచ్చ దీపం కదల్లేదు.

"అంటే మా పసుపుల ఏం లేదా?" అన్నాడు ఆయన, మొహం చిన్నబోయి.

ఆయన్ను సముదాయించడానికి ఆకుపచ్చే మంచిదని చెప్పాల్సి వచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళందరికీ కూడా ఆకుపచ్చే వచ్చింది. అందరి పసుపూ ఫస్టుక్లాసని సర్టిఫికెట్ ఇచ్చి పంపాను. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంతమందిని ఒక్కసారిగా పాస్ చేసింది లేదు.

తలుపు తీశాక

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తీశాను. వెనక విజయ, గంగాధర్, నర్సవ్వ. మొదటి రోజు ముక్కులో సూదులైతే ఇప్పుడు దబ్బనాలు. దగ్గు ఆగలేదు. మూడు రోజులు మార్చి ఎండకు కాగిన గదిలో బోర్డుల్లోంచి ఊరిందంతా అక్కడే ఉంది. బొట్లు పెట్టుకున్న ఇరవై సంచులూ పేరంటానికొచ్చినట్టు ఊరికే వేలాడుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడే ఎందుకు గుర్తురావాలో దేవుడికే తెలియాలి. బొగ్గు బరువైన, పెద్ద అణువుల్ని గట్టిగా పట్టుకుంటుంది. చిన్నగా తేలికగా ఉండే వాయువులు దాని పట్టులోంచి జారిపోతాయి. ఇది నేను ఏటా బోర్డు మీద రాసిన వాక్యం. పిల్లల చేత మూడుసార్లు చదివించిన వాక్యం. ఫార్మాల్డిహైడ్ అంత చిన్న అణువును వట్టి బొగ్గు పెద్దగా నిలపలేదు. దాన్ని పట్టాలంటే బొగ్గుకు అమీన్ లాంటి వేరే రసాయనం పట్టించాలి, అది దీంతో కలిసి కట్టుబడిపోతుంది. అలాంటి బొగ్గు ఉంది కూడా. అయినా నిండిపోయేదాకే దాని పని. బోర్డు ఏళ్ళ తరబడి వదులుతుంటే సంచి ఎన్నాళ్ళని తాగుతుంది? ఇవన్నీ తెలిసిన మనిషి అట్ట మీద పాప బొమ్మ చూసి వట్టి బొగ్గు కొనుక్కొచ్చింది. నా స్టూడెంటు ఎవడైనా ఈ పని చేసి ఉంటే క్లాసు బయట నిలబెట్టేదాన్ని.

సిగ్గు కోపంగా మారింది. అన్నాల దగ్గర గంగాధర్ మళ్ళీ కొత్త వాసన మాట ఎత్తేసరికి నోరు జారాను. ఆ వాయువును నీళ్ళలో కలిపితేనే ఫార్మలిన్ అవుతుందని, కాలేజీలో చచ్చిన కప్పల్ని దాంట్లోనే ఉంచుతామని, ఆసుపత్రుల్లో శవాలు చెడిపోకుండా పట్టించేదీ అదేనని అనేశాను.

విజయ చేతిలో గరిటె ఆగిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల రాబోయే ఇంట్లో, అన్నం ముందు, ఆ మాట. నర్సవ్వ లేచి చెయ్యి కడుక్కుంది. గంగాధర్ మొహం ఎర్రబడింది. నా బిడ్డ రూం గురించి గట్ల మాట్లాడొద్దక్కా అని ఒక్క మాట అని బయటికి వెళ్ళిపోయాడు. నేను చెప్పింది నిజం. చెప్పిన చోటు మాత్రం తప్పు.

స్వప్న

అదే సాయంత్రం స్వప్న వచ్చింది, అనుకున్నదానికి ఒక రోజు ముందే. గంగాధర్ కూతుర్ని చెయ్యి పట్టుకుని గదంతా తిప్పి చూపించాడు. ఎంత బాగుంది బాపూ అని పిల్ల మురిసిపోయింది. బొగ్గు సంచులు చూసి ఇవేమిటని అడిగితే పెద్దమ్మ తెచ్చిన దిష్టిబొమ్మలని చెప్పాడు. కోపం ఇంకా తగ్గలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి ఆ గదిలోనే పడుకుంది. నిన్న అన్న మాట తర్వాత వద్దనే మొహం నాకు లేకపోయింది. గంట తర్వాత నేను కళ్ళం గట్టున కూర్చుని ఉంటే మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నాలుగు అడుగుల దూరంలో నర్సవ్వ వంగి పసుపు తిరగేస్తోంది, మాకు వీపు చూపించి.

"పెద్దమ్మా, బాపుకు చెప్పకు" అంది స్వప్న. "గా రూంల పన్నంక గొంతు పట్టేసింది. కండ్లు తెరుస్తుంటె మంట. నేనైతె ఓర్సుకుంట. బాపు ఎంత ముచ్చటగ చేయించిండు. కానీ పసిపిల్ల ఎట్ల ఓర్సుకుంటది?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవై సంచుల బొగ్గు మోసుకొచ్చాను. ఆ పిల్లకు చెప్పడానికి ఒక్క మంచి మాట మాత్రం తెచ్చుకోలేదు. నర్సవ్వ వంగిన నడుం ఎత్తలేదు. పసుపు తిరగేస్తున్న చెయ్యి మాత్రం ఆగింది.

విరిచి చూడు

గంగాధర్ పసుపు కొనడం ఒకసారి చూడాలి. రైతు బస్తా దింపగానే గంగాధర్ మాటలేమీ వినడు. ఎక్కడి నుంచో ఒక కొమ్ము లాగుతాడు, టక్కున విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, నాలిక్కి ఆనిస్తాడు. అప్పుడే మాట. పైన ఎంత మెరిసినా లోపల చూడకుండా బస్తా ముట్టడు. మా దుగ్గిరాలలోనూ అంతే. పసుపు వ్యాపారి కన్నతల్లి చెప్పినా నమ్మడు, కొమ్ము విరిచే నమ్ముతాడు.

ఆ సాయంత్రం కూడా ఎవరిదో బస్తా ముందు పెట్టుకుని కొమ్ము విరుస్తున్నాడు. రైతులు, హమాలీలు చుట్టూ ఉన్నారు. నర్సవ్వ కొత్త ఇంట్లోంచి నడిచి వచ్చింది. చంకలో అల్మారా అరలోంచి తీసిన పలక ఒకటి. తీసుకొచ్చి కొడుకు ముందు, పసుపు బస్తా మీద పెట్టింది.

"గిది ఇరిసి సూసినవా?" అని అడిగింది.

అమ్మా, అది బోర్డు, దాన్ని విరవరు అని గంగాధర్ నవ్వబోయాడు.

"బస్తెడు పసుపుకు కొమ్ము ఇరుస్తవు. రూంకు రూమే కొన్నవు గదరా. ఇరువు."

అందరూ చూస్తున్నారు. గంగాధర్ పలక మూల పట్టుకుని మోకాలికి ఆనించి నొక్కాడు. విరగడానికి పెద్ద బలం పట్టలేదు. పైన మెరిసే రేకు చీలింది, లోపల్నుంచి చెక్కపొట్టు రాలింది. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చాడు. పసుపును పీల్చినట్టే పీల్చాడు.

దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. పక్కనున్న హమాలీ ఆ ముక్క అందుకుని వాసన చూసి దూరంగా విసిరేశాడు. మా వైపు ఇలాంటి సరుకు తెచ్చినవాణ్ణి యార్డులోంచి గెంటేస్తారు. ఇక్కడా అంతేనని వాళ్ళ మొహాలు చెప్పాయి.

గంగాధర్ కళ్ళు తుడుచుకుని గుమ్మం వైపు చూశాడు. స్వప్న అక్కడ నిలబడి ఉంది.

"నీకు గుడ గిట్లనే మండుతున్నయా బిడ్డా?"

స్వప్న నేల చూసింది. అతనికి ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది.

"రాజన్నను పిలువుండ్రి" అన్నాడు.

కళ్ళంలో అల్మారాలు

రాజన్న ఆ వీధి వడ్రంగి. ఇంటి తలుపులన్నీ ఆయన చేతివే, టేకువి. ఈ గది పని మాత్రం పాతకాలపు చేతికి రాదని ఇవ్వలేదు. ఆయన వచ్చి, ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తకుండా స్క్రూలు విప్పడం మొదలెట్టాడు. ఎత్తి ఉంటే గంగాధర్‌కు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. ఒక తలుపు ఊడదీసి తిరగేసి నాకు చూపించాడు. కనబడే వైపంతా మెరుపు రేకు, కనబడని వెనక, కింద, అంచుల్లో ఉత్త బోర్డు. ముసుగే లేదు. ఊపిరంతా అక్కడినుంచే వదులుతోంది. అంచులు మూసి ఉన్నా వాసన కొంత తగ్గేదట. ఈ సంగతి చెప్పడానికి కెమిస్ట్రీ అక్కర్లేకపోయింది.

హమాలీలు తలుపులు, పలకలు, మంచం పెట్టె అన్నీ కళ్ళానికి మోశారు. నర్సవ్వ ఎండ పడే జాగా చూపించింది, పసుపు పక్కనే పరిచి రోజుకు రెండుసార్లు తిరగేయమని కూలీలకు చెప్పింది. ఎండకు, గాలికి ఆ వాయువు తొందరగా పోతుంది, నిజమే. నా కాగితం ఎక్కడా ఈ మాట రాయలేదు. రాస్తే సంచులెవరు కొంటారు?

పలకలు దింపుతున్న హమాలీలను గంగాధర్ దూరం నుంచి కేకేసి ఆపాడు.

"పసుపు కాడ వెట్టకుండ్రి. పసుపుకు వాసన వడ్తది."

ఆ మాట అనేసి, తన నోటి మాట తనే విని ఆగిపోయాడు. కళ్ళంలో ఎవరూ నవ్వలేదు. నర్సవ్వ కొడుకు వైపు ఒక్క చూపు చూసి మళ్ళీ పసుపు మీదికి వంగింది. గంగాధర్ అక్కడే ఉన్న బస్తా మీద కూర్చుండిపోయాడు. కాసేపటి తర్వాత నా దగ్గరికి వచ్చి, అక్కా, మీ బొగ్గు పైసలు నేనిస్త అన్నాడు. బొగ్గుకు కాదు గంగాధర్, నా తెలివికి పెట్టిన ఖర్చు అది, ఉండనీ అన్నాను. ఇద్దరం మొదటిసారి ఒకే మాట మీద ఉన్నాం. ఇద్దరమూ విరవకుండా కొన్నాం.

తిరుగు ప్రయాణం

స్వప్నను పాత పెంకుటింట్లో నడిమి గదికి మార్చారు. సున్నం గోడలు, టేకు తలుపు, ఒక్క కిటికీ. గంగాధర్ పుట్టింది కూడా ఆ గదిలోనే. మొదటి రాత్రి పిల్ల దగ్గు లేకుండా నిద్రపోయిందని విజయ చెప్పింది.

నాకు మాత్రం ఆ ఒక్క కిటికీ మీదే మనసు. గది మారింది, ఆచారం మారలేదు. గాలి తగిలితే బాలింతకు వాతం, బిడ్డకు జలుబు అని నర్సవ్వ కిటికీ బిగించడానికి మేకులు కూడా సిద్ధం చేసి పెట్టింది. లోపల సాంబ్రాణి పొగ, కుంపటి, మూసిన కిటికీ. జిగురు కాకపోతే పొగ. గదిలో గాలి ఆడాలవ్వా, డాక్టరమ్మను అడిగినా అదే చెబుతుంది అని రెండు పూటలా పోరాను. ఆమె వింటూనే మేకులు లెక్కపెట్టుకుంది. మూడు రోజులు కిటికీలు మూయించిన నోటితో ఇప్పుడు తెరవమంటే ఎవరు నమ్ముతారు? దీవెన ఎంత ఖరీదైనదో అప్పుడు తెలిసింది.

వచ్చేటప్పుడు గంగాధర్ రెండు కిలోల పసుపు ఇచ్చాడు. మీ దుగ్గిరాల దానితో పక్కపక్కన పెట్టి చూడక్కా అన్నాడు. తెనాలిలో పెట్టి చూశాను, విరిచి మరీ. ఫలితం అతనికి చెప్పను.

ఖాళీ పెట్టె తేలిగ్గా ఉంది. సంచులన్నీ అక్కడే వదిలేశాను. బస్సులో మళ్ళీ నాకొక్కదానికే టికెట్టు కొట్టారు.

కిటికీ

పోయిన వారం విజయ ఫోటో పంపింది. ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం. పాత గదిలో ఉయ్యాల. దానికవతల కిటికీ ఊచలకు నా బొగ్గు సంచులు మూడు వేలాడుతున్నాయి, పసుపు, కుంకుమ బొట్లతో. దిష్టికట. ఆరు వందల సంచికి ఎట్టకేలకు ఉద్యోగం దొరికింది. అది దాని పని కాదని వెంటనే ఫోన్ చేశాను.

విజయ నవ్వి, ఫోన్ నర్సవ్వకు ఇచ్చింది. సంచుల గురించి నేను మొదలెట్టేలోపే ఆమె మాట్లాడింది.

"పసుపును గుడ గాలి ఆడే కాడనే ఎండబెట్టిన బిడ్డా ఇన్నేండ్లు. పసిపిల్లలను మాత్రం మూసి పెట్టిన. ఎవ్వలు చెప్పినా ఇనలె, నేను గుడ ఆలోచన చెయ్యలె."

వెనకాల పాప ఏడుపు వినిపిస్తోంది, గట్టిగా, గొంతు బాగా పలుకుతోంది. ఫోన్ పెట్టేసి ఫోటో మళ్ళీ చూశాను. సంచుల మీద బొట్లు చూసి నవ్వుకునే తొందరలో మొదట నేను గమనించలేదు. కిటికీ రెక్కలు రెండూ గోడకు ఆనేదాకా తెరిచి ఉన్నాయి.